రక్తమున ఆగని ఆజ్ఞ

మానవుని ఎముకలలోని మూలుగ రక్తకణములకు పుట్టినిల్లు. అచట రాత్రింబవళ్లు క్రొత్త కణములు పుట్టుచుండును; కాలము తీరినవి నశించుచుండును. ఆరోగ్యవంతుని రక్తమున ఒక ఘన మిల్లీమీటరునందు తెల్లకణములు సుమారు 4,000 మొదలు 11,000 వరకు ఉండును. ల్యుకేమియా అను వ్యాధి కలిగినవారిలో ఈ సంఖ్య లక్షను దాటుటయు కలదు. 19వ శతాబ్ది నడుమ ఆ పేరు పెట్టినవాడు విర్కో అను జర్మను వైద్యుడు. తెల్లని రక్తము అని దాని యర్థము. తెల్లకణములు రోగములతో పోరాడు భటులే గదా, పెరిగిన మేలే గదా యని కొందరికి తోచవచ్చును. కాని అవసరము లేకయే పెరిగిన ఈ సేన మూలుగలో చోటంతయు ఆక్రమించి ఎర్రకణములకు తావు లేకుండ జేయును. రోగి పాలిపోవును, ప్లీహము ఉబ్బి కడుపు బరువెక్కును.

ఈ వ్యాధి పలు విధములు. వానిలో నెమ్మదిగా మొదలై, కొన్ని యేండ్లకు ఒక్కసారిగా విజృంభించునది దీర్ఘకాలిక మైలాయిడ్ ల్యుకేమియా. దానిని లొంగదీసిన విధము తెలియవలెనన్న, కణము లోపల ఆజ్ఞలు ఎట్లు నడచునో ముందు తెలియవలెను.

కణము తన యిచ్చవచ్చినట్లు రెండుగా చీలదు. శరీరమునుండి వచ్చిన వర్తమానమును కణపు పొరపై నున్న ప్రోటీను అందుకొని లోపలి ప్రోటీనునకు అందించును. అది మరియొకదానికి, అది వేరొకదానికి అందించగా, ఆజ్ఞ తుదకు కణకేంద్రమును చేరును. ఈ వార్తాహరులలో కైనేజులనునవి ముఖ్యమైనవి. ఏ.టి.పి. అను అణువునుండి ఫాస్ఫేటును గైకొని, తరువాతి ప్రోటీనునకు అంటించుట వీని పని. అది అంటినంతనే ఆ ప్రోటీను మేల్కొనును. పని తీరగానే ఫాస్ఫేటు తొలగిపోవును, ఆజ్ఞ ఆగును. చెరువు తూము తెరచినవాడు పొలము తడిసిన పిదప దానిని మూయును గదా! తలుపు తెరచినది తెరచినట్లే బిగిసిపోయినచో పైరంతయు నీట మునుగును. ఈ వ్యాధిలో జరుగునది అదియే.

ఈ ఏ.టి.పి.ని 1929లో కనుగొన్నవారిలో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకడు. అమెరికాలో ఫిస్కె అను ఆచార్యునితో కలసి ఆయన ఆ పని చేసెను. అదే యేట జర్మనీలో లోమాన్ కూడ దానిని కనుగొనెను. అటుపిమ్మట సుబ్బారావు పర్యవేక్షణలో తయారైన అమినోప్టెరిన్ అను మందును బోస్టను వైద్యుడు ఫార్బరు ల్యుకేమియా గల 16 మంది పిల్లలకు ఇచ్చి చూచెను. 10 మందికి కొంతకాలము ఉపశమనము కలిగినదని 1948లో ప్రకటించెను. అదివరకు ఆ పిల్లలకు ఏ మందును పనిచేసినది కాదు. అయినను అది చీలుచున్న కణముల నన్నిటిని దెబ్బతీయు మందు. మంచి చెడు లెరుగదు.

చెడు కణమును గుర్తించుటకు మొదటి ఆనవాలు 1960లో ఫిలడెల్ఫియా నగరమున దొరకెను. నోవెల్, హంగర్‌ఫర్డ్ అను ఇరువురు రోగుల కణములలో ఒక క్రోమోసోము మిక్కిలి పొట్టిగా నుండుట చూచిరి. అంతకుముందు నోవెల్ కణములున్న గాజుపలకలను సామాన్యమైన కుళాయినీటితో కడుగగా, కణములు ఉబ్బి క్రోమోసోములు విడివిడిగా కానవచ్చినవట! పొట్టిదానికి ఆ నగరము పేరే నిలిచిపోయెను. అది ఏల పొట్టిదైనదో తెలియుటకు పదుమూడేండ్లు పట్టెను. షికాగో నగరపు వైద్యురాలు జానెట్ రౌలీ క్రోమోసోముల ఛాయాచిత్రములను కత్తిరించి, ఇంటిలో భోజనపు బల్లపై పరచి పోల్చి చూచుచుండెడిది. అమ్మ కాగితపు బొమ్మలతో ఆడుకొనుచున్నదని పిల్లలు పరిహసించెడివారు. 9వ క్రోమోసోము, 22వ క్రోమోసోము తమ తునకలను మార్చుకొన్నవని 1973లో ఆమె కనుగొనెను. ఈ మార్పిడిలో రెండు జన్యువులు అతుకుకొని, ఎన్నడును నిద్రింపని ఒక కైనేజు పుట్టుచున్నదని తరువాతి శాస్త్రజ్ఞులు నిరూపించిరి. వెలుపలి వర్తమానము లేకయే అది చీలుము, చీలుము అని ఆజ్ఞాపించుచుండును.

ఆ కైనేజులో ఏ.టి.పి. వచ్చి కూర్చుండు చిన్న గుంట కలదు. దానిలో వేరొక అణువును ఇరికించినచో ఆజ్ఞ ఆగదా? స్విట్జర్లాండులోని బాజెల్ నగరమున సీబా-గైగీ సంస్థలో లైడన్ మున్నగువారు అట్టి అణువులను తయారు చేయించిరి. కణములలో వందలకొలది కైనేజులు కలవు. అన్నిటికిని ఇట్టి గుంట యుండుటచే, ఒకదానికి వేసిన గురి పలువురికి తగులునని పెక్కుమంది శంకించిరి. ఆరెగాను రాష్ట్రపు వైద్యుడు డ్రుకర్ ఆ అణువులను పరీక్షింపగా, వానిలో ఒకటి రోగకణములను చంపి మంచి కణములను విడిచిపెట్టెను. ఇమాటినిబ్ అను మందు అదియే.

మందు దొరికినను మనుష్యులకు చేరుట ఆలస్యమయ్యెను. ఈ వ్యాధిగ్రస్తులు కొద్దిమందియే యగుటచే లాభమేమని సంస్థ వెనుకాడినది. జంతువులపై పరీక్షలలో కాలేయమునకు హాని కలుగుటయు ఒక కారణము. తుదకు 1998 జూనులో రోగులకు ఇచ్చుట ప్రారంభించిరి. దినమునకు 300 మిల్లీగ్రాములు గాని అంతకు మించి గాని పుచ్చుకొన్న 54 మందిలో 53 మంది రక్తకణముల సంఖ్య యథాస్థితికి వచ్చెను. మందు చాలినంత తయారు చేయవలెనని వేలమంది సంతకములతో సంస్థకు విజ్ఞప్తి పోయినది. 2001 మే నెలలో అమెరికా ప్రభుత్వము అనుమతి నొసగెను.

వెల మాట వేరు. మన దేశమున ఆ సంస్థ మందునకు నెలకు లక్ష రూపాయలకు పైబడెను. 2003లో హైదరాబాదునందలి నాట్కో సంస్థ దానిని సుమారు పదియవ వంతు వెలకే విక్రయింప నారంభించినది. వివాదము న్యాయస్థానముల కెక్కెను. 2013 ఏప్రిల్ 1వ తేదీన భారత సుప్రీంకోర్టు ఆ మందు యొక్క స్ఫటికరూపమునకు పేటెంటు నిరాకరించినది. రోజుకూలి చేసికొనువానికి ఇది ప్రయోగశాలలోని విజయమునకు తక్కువది కాదు.

శత్రువు కూడ ఊరకుండలేదు. కొందరిలో ఆ గుంట ఆకారమే మారి, మందు అందు ఇమడకుండెను. అట్టివారికై దాసాటినిబ్, నిలోటినిబ్ మున్నగు మందులు వచ్చినవి. వానికిని లొంగని ఒక మార్పునకు 2012లో పొనాటినిబ్ వచ్చినది. మూలుగ లోతులలో దాగిన కొన్ని మూలకణములు మాత్రము మిగిలిపోవును. అందుచే చాలామంది ప్రతిదినము మాత్ర పుచ్చుకొనవలసినదే. ఏండ్ల తరబడి రక్తపరీక్షలో రోగపు జాడ కానరానివారికి వైద్యులు ఇటీవల మందు నాపి చూచుచున్నారు. సుమారు సగముమందిలో వ్యాధి తిరిగి రాలేదు. మిగిలినవారిలో అది కొలది నెలలకే తల యెత్తినను, మాత్ర మరల మొదలుపెట్టగా వారిలో చాలామందికి అణగినది.