పాత మానిటరును పారవేయకండి - రెండు తెరలతో చదువుకొనే విధానం



కాలేజీ చదువుకు వచ్చిన పిల్లలున్న ఇళ్ళలో ఈమధ్య ఒక ప్రశ్న తరచుగా వినబడుతున్నది. పాత మానిటరు బాగానే పనిచేస్తున్నది, కానీ తెర చిన్నది. కొత్తది కొంటే పాతది ఏం చేయాలి? ఆక్రీవాడికి ఇచ్చేయాలా? అవసరం లేదు. రెండింటినీ పక్కపక్కన పెట్టి ఒకే కంప్యూటరుకు కలుపుకోవచ్చు. ఒక తెరపై పాఠం, రెండవ తెరపై నోట్సు ఉంచుకోవచ్చు. కామర్సు విద్యార్థి ఒక పక్క బిల్లులు, మరో పక్క ట్యాలీ తెరచి పనిచేయవచ్చు. సరస్సుకు అవతల శ్రీహరికోటలో రాకెట్ ప్రయోగం జరిగే రోజున టీవీలో గమనించండి. ఒక్కొక్క ఇంజనీరు ముందు ఒకటికి మించి తెరలు కనబడతాయి. చూడవలసినవి ఎక్కువైనప్పుడు వాటిని పక్కపక్కన పెట్టుకోవడం ఆడంబరం కాదు, సౌకర్యం.

ముందుగా సాకెట్లు చూడండి

ఏదైనా కొనే ముందు కంప్యూటరు వెనుక, మానిటరు వెనుక ఉన్న సాకెట్లను సెల్‌ఫోనులో ఫోటో తీసుకోండి. చెన్నై రిచీ స్ట్రీట్‌కు వెళ్ళినా, పొన్నేరిలోని దుకాణానికి వెళ్ళినా ఆ ఫోటో చూపితే చాలు. పళవేర్కాడు నుంచి రెండోసారి బస్సు ఛార్జీ పెట్టుకొని పోవలసిన పని ఉండదు. సాధారణంగా కనబడేవి నాలుగు రకాలు.

1. వీజీఏ: తరచుగా నీలం రంగులో ఉంటుంది. మూడు వరుసల్లో 15 రంధ్రాలు, రెండు పక్కల స్క్రూలు ఉంటాయి. ఐబీఎం కంపెనీ 1987లో తెచ్చిన పద్ధతి. పాత మానిటర్లలో ఎక్కువగా ఇదే ఉంటుంది. కేబులు కొసన ఒక పిన్ను, ముఖ్యంగా తొమ్మిదవది, లేకపోతే విరిగిందని కంగారు పడవద్దు. చాలా కేబుళ్ళలో అది తయారీలోనే ఉండదు.

2. డీవీఐ: 1999లో వచ్చినది. వెడల్పుగా, తరచుగా తెల్లగా ఉంటుంది.

3. హెచ్‌డీఎంఐ: 2002లో వచ్చినది. సన్నగా, చదునుగా ఉంటుంది. నేటి టీవీలన్నింటిలో కనబడేది ఇదే.

4. డిస్‌ప్లే పోర్ట్: 2006లో వచ్చినది. హెచ్‌డీఎంఐ లాగే ఉంటుంది గానీ ఒక మూల మాత్రమే కోసినట్లు ఉంటుంది.

కంప్యూటరులో రెండు తెరలకు సరిపడా సాకెట్లు ఉంటే సగం పని అయినట్లే. కొత్త మానిటరును హెచ్‌డీఎంఐకి, పాతదాన్ని వీజీఏకి కలపండి. లాప్‌టాప్ అయితే దాని సొంత తెర ఎలాగూ ఒకటి ఉంది కనుక బయట ఒక్క మానిటరు చాలు. తమిళనాడు ప్రభుత్వం 2011 సెప్టెంబరు 15న మన తిరువళ్ళూరు జిల్లా కాకళూరులోనే ఉచిత లాప్‌టాప్ పథకాన్ని ప్రారంభించింది. ఆ తరువాతి సంవత్సరాలలో అక్కకో అన్నకో వచ్చిన లాప్‌టాప్ ఇంట్లో పనిచేస్తూ ఉంటే, దాని పక్కన ఒక పాత మానిటరు పెట్టి తమ్ముడి చదువుకు వాడుకోవచ్చు.

కన్వర్టరు విషయంలో జాగ్రత్త

కొత్త కంప్యూటర్లలో వీజీఏ సాకెట్ సాధారణంగా ఉండదు. 2015 నాటికి దాన్ని వదిలివేస్తామని ఇంటెల్, ఏఎండీ తదితర కంపెనీలు 2010 డిసెంబరులోనే ప్రకటించాయి. అప్పుడు పాత మానిటరుకు కన్వర్టరు కావాలి. ఇక్కడ ఒక సూక్ష్మం ఉన్నది. హెచ్‌డీఎంఐ చిత్రాన్ని అంకెల రూపంలో పంపుతుంది. వీజీఏకి హెచ్చుతగ్గుల విద్యుత్ సంకేతం కావాలి. ఒకదాన్ని మరొకటిగా మార్చడానికి లోపల చిన్న చిప్పు ఉండాలి. ఒక కొసన హెచ్‌డీఎంఐ, మరో కొసన వీజీఏ పిన్నులు అతికించిన ఉత్త తీగ పనిచేయదు. అలాగే ‘హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏ’ వేరు, ‘వీజీఏ నుంచి హెచ్‌డీఎంఐ’ వేరు. కంప్యూటరు వైపు ఏది, మానిటరు వైపు ఏది అని దుకాణదారుకు స్పష్టంగా చెప్పండి. ఇది కొన్ని వందల రూపాయల వస్తువే అయినా, తప్పు కొంటే ఆ కొన్ని వందలూ దండగే.

కలిపే వరుస

1. కంప్యూటరును, రెండు మానిటర్లను ఆపి స్విచ్చులు కట్టివేయండి.
2. కేబుళ్ళు నెమ్మదిగా పెట్టండి. వీజీఏ పిన్నులు వంగితే మళ్ళీ సరిచేయడం కష్టం. స్క్రూలు చేతితో బిగిస్తే చాలు.
3. కంప్యూటరులో విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉంటే రెండు కేబుళ్ళనూ ఆ కార్డుకే పెట్టండి. దానికి వేరుగా ఉన్న మదర్‌బోర్డు సాకెట్ చాలా కంప్యూటర్లలో అప్పుడు పనిచేయదు. ‘కొత్త మానిటరు పాడైంది’ అని తిరిగి ఇవ్వబోయే చాలామంది విషయంలో కారణం ఇదే.
4. ముందు మానిటర్లు, తరువాత కంప్యూటరు ఆన్ చేయండి.
5. కీబోర్డుపై విండోస్ గుర్తు ఉన్న కీని నొక్కిపట్టి ‘పి’ నొక్కండి. విండోస్ 7 నుంచి ఈ వసతి ఉంది. వచ్చే నాలుగు ఎంపికలలో ‘డూప్లికేట్’ అంటే రెండింటిలో ఒకే బొమ్మ. మనకు కావలసినది ‘ఎక్స్‌టెండ్’.
6. డెస్క్‌టాప్ ఖాళీ చోట రైట్ క్లిక్ చేసి ‘డిస్‌ప్లే సెట్టింగ్స్’ తెరవండి. ‘ఐడెంటిఫై’ నొక్కితే తెరలపై 1, 2 అని కనబడుతుంది. బల్లపై ఏ తెర ఎటు ఉందో, ఇక్కడి పెట్టెలను మౌస్‌తో లాగి అలాగే అమర్చండి. లేకపోతే కుడికి జరిపిన మౌస్ ఎడమ తెరలో తేలుతుంది.
7. కొత్త తెరను ఎంచుకొని ‘మేక్ దిస్ మై మెయిన్ డిస్‌ప్లే’ దగ్గర టిక్ పెట్టండి.

అక్షరాలు ఒకేలా లేకపోతే

ఇది లోపం కాదు. 18.5 అంగుళాల పాత మానిటరులో అడ్డంగా 1366, నిలువుగా 768 చుక్కలు ఉంటాయి. అంటే అంగుళానికి సుమారు 85. కొత్త 21.5 అంగుళాల తెరలో 1920, 1080 చుక్కలు. అంగుళానికి సుమారు 102. చుక్కలు దగ్గరైతే అక్షరం చిన్నదవుతుంది. ప్రతి తెరకు ‘రికమెండెడ్’ అని చూపిన రిజొల్యూషన్‌నే ఉంచి, కొత్త తెరకు ‘స్కేల్’ 125 శాతం పెట్టి చూడండి. పాత తెరలో బొమ్మ ఒక పక్కకు జరిగినా, అక్షరాలు మసకగా ఉన్నా మానిటరు మీది ‘ఆటో’ బటన్ ఒకసారి నొక్కండి.

టీవీని, పాత లాప్‌టాప్‌ను వాడవచ్చా?

హెచ్‌డీఎంఐ ఉన్న టీవీని రెండవ తెరగా వాడవచ్చు. కానీ 2006 నుంచి ప్రభుత్వం పంచిన ఉచిత రంగుల టీవీ వంటి పాత పెట్టె టీవీలలో అక్షరాలు చదవదగినట్లు రావు. లాప్‌టాప్‌కు ఉండే హెచ్‌డీఎంఐ బొమ్మను బయటకు పంపేదే తప్ప లోపలికి తీసుకొనేది కాదు. కనుక కేబులు పెట్టినంత మాత్రాన పాత లాప్‌టాప్ మానిటరుగా మారదు.

మన ఊరి ఉప్పుగాలి

పళవేర్కాడులో సముద్రం ఒక పక్క, సరస్సు ఒక పక్క. ఇక్కడి ఉప్పుగాలికి పిన్నులు త్వరగా చిలుము పడతాయి. కిటికీకి ఎదురుగా మానిటరు పెట్టవద్దు. పని అయిన తరువాత వేడి తగ్గనిచ్చి గుడ్డ కప్పండి. చిలుము పడితే కత్తితో గీకవద్దు. కరెంటు తీసివేసి, కాంటాక్ట్ క్లీనరుతో తుడిచి, బాగా ఆరిన తరువాతే పెట్టండి. మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్తు పిన్ను విరగ్గొట్టి వాడవద్దు. తాకితే జివ్వుమంటే వెంటనే ఎలక్ట్రీషియనుకు చూపించండి.

పెట్టె లాంటి పాత పిక్చర్ ట్యూబు మానిటరైతే రెండవ తెరగా ఉంచుకోకపోవడమే మేలు. కరెంటు, చోటు రెండూ ఎక్కువ తింటుంది. దాన్ని విప్పవద్దు. ప్లగ్ తీసినా లోపల ప్రమాదకరమైన వోల్టేజి మిగిలి ఉండవచ్చు. దాని గాజులో సీసం ఉంటుంది కనుక పగలగొట్టవద్దు. అనుమతి పొందిన ఈ-వ్యర్థాల సేకరణ కేంద్రానికే ఇవ్వండి.

ఖర్చు లెక్క

20 వాట్ల ఎల్‌ఈడీ మానిటరు రోజుకు 4 గంటలు నడిస్తే నెలకు 2.4 యూనిట్లు. రెండు నెలల బిల్లులో 5 యూనిట్లకు లోపే. కాబట్టి ఆలోచించవలసింది కరెంటు గురించి కాదు, కొనే ధర గురించి. తల్లిదండ్రులకు నా మనవి: దీనికోసం అప్పు చేయవద్దు. ఫీజు, పుస్తకాలు, బస్ పాసు ముందు. ఉపకారవేతనం డబ్బులో అవి పోగా మిగిలితేనే మానిటరు. ఇంట్లో ఉన్న పాతదానికి ఒక కన్వర్టరుతో పని జరిగితే ఇంకా మంచిది.

దరఖాస్తు నింపేటప్పుడు

రెండు తెరల ఉపయోగం అన్నింటికన్నా స్పష్టంగా తెలిసేది ఉపకారవేతనం దరఖాస్తు దగ్గర. పాత తెరలో పాస్‌బుక్ మొదటి పేజీ స్కాన్ తెరచి ఉంచండి. కొత్త తెరలో దరఖాస్తు నింపండి. ఐఎఫ్‌ఎస్‌సీ కోడులో 11 స్థానాలు ఉంటాయి. మొదటి నాలుగు అక్షరాలు, అయిదవది ఎప్పుడూ సున్నా. దాని బదులు ఇంగ్లీషు అక్షరం ‘ఓ’ కొడితే కోడు తప్పు. ఖాతా నంబరును నాలుగేసి అంకెలుగా విడదీసి, ఒకరు పాత తెర చూసి చదువుతుంటే మరొకరు కొత్త తెరలో సరిచూడాలి. బ్యాంకుల్లో లెడ్జరు సరిచూసే పద్ధతి ఇదే. ఒక్క అంకె తప్పితే డబ్బు తిరిగి వెళ్ళవచ్చు, లేదా వేరొకరి ఖాతాలో పడవచ్చు. ఫీజు గడువు మాత్రం మన కోసం ఆగదు. పేరు కూడా పాస్‌బుక్‌లో, ఆధార్‌లో, మార్కుల పత్రంలో ఒకేలా ఉందో లేదో అక్కడే పోల్చి చూడండి.

ఇంకొక హెచ్చరిక. ఆన్‌లైన్ క్లాసులోనో, ఇంటర్వ్యూలోనో స్క్రీన్ షేర్ చేయవలసి వస్తే మొత్తం తెర కాకుండా కావలసిన విండో ఒక్కటే ఎంచుకోండి. పాస్‌బుక్, ఆధార్, ఓటీపీ ఉన్న పేజీలు ముందే మూసివేయండి.

ముఖ్యమైన తెర మీకు ఎదురుగా, చేయి చాచినంత దూరంలో ఉండాలి. రెండవది కొద్దిగా మీ వైపు తిరిగి ఉండాలి. ఎత్తు తక్కువైతే కింద పాత గైడు పుస్తకాలు పెట్టుకోండి. ఇరవై నిమిషాలకు ఒకసారి కళ్ళు తిప్పి దూరంగా చూడండి. రెండు తెరలున్నాయని రెండవదానిలో సినిమా పెట్టుకుంటే చదువు సగమే అవుతుందన్న సంగతి పిల్లలకు వేరే చెప్పనవసరం లేదు.