తెల్ల ఇసుక, పచ్చి ఇటుక

డాలస్, ఆస్టిన్, హ్యూస్టన్ నగరాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు సెలవుల్లో కారులో చేరుకోగలిగే దూరంలోనే, పశ్చిమ టెక్సస్, న్యూ మెక్సికోల నుండి మెక్సికో దేశం లోపలిదాకా పరుచుకొన్న చివావా ఎడారి ఉంది. దానికి తూర్పునా పడమరా నిలిచిన పర్వతశ్రేణులు సముద్రపు తేమగాలిని అడ్డుకొంటాయి. మేఘాలు కొండకు ఆవలనే కురిసి వట్టిపోవడంతో వాన కరవయ్యే ఇటువంటి నేలను భూగోళశాస్త్రంలో వర్షచ్ఛాయ ప్రాంతమంటారు. కళాకారులను ఇక్కడికీ, దీనికి ఉత్తరాన ఉన్న ఎత్తైన మెట్టభూములకూ రప్పించినవి పొడిగాలిలోని తేటవెలుగు, అడ్డులేని ఖాళీ స్థలమే కనుక, ఊళ్లను చూడదగినవిగానూ నడుమనున్న ఎడారిని ఓర్చుకోవలసిన దూరంగానూ భావించే యాత్రికులు అసలు విషయాన్ని పోగొట్టుకొంటారు.

ఇందుకు నిదర్శనం మార్ఫా. రెండువేల జనాభా కూడా లేని ఈ టెక్సస్ పట్టణానికి శిల్పి డొనాల్డ్ జడ్ 1970ల తొలినాళ్లలో న్యూయార్క్ నుండి వచ్చాడు. కథ, అలంకారం, ప్రతీక ఏవీ లేకుండా ఆకారం, పదార్థం, స్థలం మాత్రమే మిగిలే శిల్పధోరణిని విమర్శకులు మినిమలిజం అన్నారు. ఆ పేరు జడ్‌కు నచ్చలేదు గాని అతనికి అదే స్థిరపడింది. మ్యూజియంలు కొద్దివారాలు ప్రదర్శించి తీసివేసే పద్ధతి అతనికి సరిపడలేదు. శిల్పం ఒకచోట శాశ్వతంగా ఉండాలని తలచిన జడ్, సైన్యం వదలిపోయిన స్థావరంలోని రెండు ఫిరంగి షెడ్లకు పెద్ద కిటికీలు పెట్టించి, 100 అల్యూమినియం పెట్టెలను వరుసలుగా నిలిపాడు. పెట్టెల బయటి కొలతలన్నీ ఒక్కటే, లోపలి అమరిక మాత్రం దేనికదే వేరు. ఎండ వాలేకొద్దీ లోహం ఒకచోట అద్దమై మరొకచోట నీడలో కలిసిపోతుంది. ఈ తేడాలను పెద్దలకంటే పిల్లలే ముందుగా పట్టుకోవచ్చు, చెయ్యి పెట్టకుండా ఆపడమే కష్టం. 1986లో ప్రారంభమైన చినాటి ఫౌండేషన్ వీటిని సంరక్షిస్తోంది.

అక్కడికి సుమారు 40 కిలోమీటర్ల దూరంలో, వాలెంటైన్ అనే చిన్న ఊరి దగ్గర, ఎల్మ్‌గ్రీన్, డ్రాగ్‌సెట్ అనే కళాకారుల జంట 2005లో కట్టిన ‘ప్రాడా మార్ఫా’ రోడ్డు పక్కన ఒంటరిగా నిలిచి ఉంటుంది. చూపులకు ఖరీదైన చెప్పుల దుకాణమే అయినా దాని తలుపు తెరుచుకోదు, అందులో ఏదీ అమ్మరు. ఫోటోకు పది నిమిషాలు చాలు.

ఎల్‌పాసో మీదుగా న్యూ మెక్సికోలోకి మళ్లితే, వైట్ శాండ్స్ జాతీయోద్యానంలో ఇసుక నిజంగానే తెల్లనిది. వినాయక విగ్రహాలు పోసే ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌కు ముడిపదార్థమైన జిప్సమే ఈ ఇసుక. నీటిలో కరిగే జిప్సం సాధారణంగా నదులతో సముద్రంలో కలిసిపోతుంది. ఉద్యానమున్న లోయకు నీరు బయటికి పారే దారి లేకపోవడంతో, కొండలనుండి కరిగివచ్చిన జిప్సం సరస్సులో చేరి, నీరు ఆవిరయ్యాక స్ఫటికాలుగా మిగిలి, గాలికి పొడియై దిబ్బలుగా పేరుకొంది. ఎండను తిప్పికొట్టే ఈ ఇసుక కాలదు కనుక పిల్లలు వట్టికాళ్లతో పరుగెత్తవచ్చు, ప్లాస్టిక్ పళ్లేలపై కూర్చొని దిబ్బలమీదనుండి జారవచ్చు. పొరుగునే క్షిపణి పరీక్షా కేంద్రం ఉన్నందువల్ల రహదారిని అప్పుడప్పుడూ మూసివేస్తారు కాబట్టి ముందురోజే విచారించుకోవాలి. తాగునీరు, నిండిన పెట్రోలు ట్యాంకు, ఫోను సిగ్నల్ లేకున్నా చూసుకోగల పటం ఈ దారిలో తప్పనిసరి.

ఉత్తరాన, దాదాపు 7,000 అడుగుల ఎత్తున ఉన్న సాంతా ఫేలో కట్టడాలు మట్టిరంగులో కనిపిస్తాయి. గడ్డి కలిపిన మట్టిని అచ్చులలో పోసి ఎండబెట్టిన పచ్చి ఇటుకను అక్కడ అడోబ్ అంటారు. మందమైన ఆ గోడ పగటి వేడిని నెమ్మదిగా పీల్చి రాత్రి విడుస్తుంది. పాతనగరపు రూపాన్ని కాపాడడానికి 1957లో నిబంధనలు చేశారు. వాటివల్ల సిమెంటు కట్టడాలు సైతం మట్టివేషం కట్టాయి. అసలైన మట్టి ఇళ్లను చూడాలంటే తావోస్ పుయెబ్లోకు వెళ్లాలి. శతాబ్దాలుగా ఆదివాసులు నివసిస్తున్న ఈ అంతస్తుల ఇళ్లకు, తెలుగు పల్లెల్లో పండుగకు ముందు మట్టిగోడలను మెత్తి అలికినట్లే, మళ్లీమళ్లీ మట్టి పూస్తూ ఉంటారు. 1898లో బండిచక్రం విరగడంతో ఇద్దరు చిత్రకారులు తావోస్‌లో ఆగవలసి వచ్చింది. 1915లో ఏర్పడిన తావోస్ చిత్రకారుల సంఘానికి మూలం ఆ ఆగడమే. ఇక్కడి ఎర్రకొండలనూ ఎండిన ఎముకలనూ చిత్రించిన జార్జియా ఓకీఫ్ 1949లో ఈ రాష్ట్రానికే తరలివచ్చింది. సాంతా ఫేలోని ఆమె మ్యూజియాన్ని తావోస్‌కు ముందు కాక తరువాత చూడడం మేలు, కొండలు కళ్లలో ఉండగానే బొమ్మలు చూడవచ్చు.

ఈ ప్రాంతంలో గుమ్మాలకూ వసారాలకూ ఎర్రమిరప దండలు వేలాడుతుంటాయి, భోజనశాలలో పచ్చడి ఎర్రదా ఆకుపచ్చదా అని అడుగుతారు. మిరప అమెరికా ఖండాలలో పుట్టి పోర్చుగీసు ఓడలలో భారతదేశానికి చేరిన పంట కనుక, గుంటూరు కారానికి అలవాటుపడిన కుటుంబానికి ఆ దండ కొత్తగా తోచదు. రెండు పచ్చళ్లూ కావాలంటే అక్కడి మాట ‘క్రిస్మస్’.