పాత వాల్వు సెట్టులో మంద్రం తగ్గితే

గబ్బూరు చుట్టుపక్కల ఊళ్లలో, రాయచూరు జిల్లా క్యాంపుల్లో ఉంటున్న మీ ఇంట్లో పెద్దల నాటి వాల్వు యాంప్లిఫయరు ఉందా? ఘంటసాల గారి రికార్డు పెడితే గొంతు పలచగా, మృదంగంలో తొప్పి మోత బొత్తిగా లేకుండా వినబడుతోందా? సెట్టును పాత సామాన్లవాడికి ఇచ్చే ముందు ఈ నాలుగు మాటలు వినండి.

రికార్డు తయారుచేసేటప్పుడే మంద్రస్వరాలను తగ్గిస్తారు. లేకపోతే గాడి పక్క గాడిలోకి జరుగుతుంది. తగ్గించినదాన్ని వినేటప్పుడు తిరిగి పెంచాలి. 1954లో వచ్చిన ఆర్.ఐ.ఎ.ఎ. పద్ధతిలో, సెకనుకు 1000 కంపనాల స్వరంతో పోలిస్తే 50 కంపనాల స్వరాన్ని సుమారు 7 రెట్లు పెంచాలి.

కనుక మొదట పికప్ చూడండి. క్రిస్టల్ పికప్‌కు ఈ సర్దుబాటు చాలావరకు దానంతటదే జరుగుతుంది. పాత సెట్లు ఎక్కువగా దానికోసం చేసినవే. వాటికి కొత్త అయస్కాంత పికప్‌ను నేరుగా కలిపితే శబ్దమూ తగ్గుతుంది, మంద్రమూ పోతుంది. మధ్యలో ఫోనో ప్రీయాంప్లిఫయరు ఉండాలి. క్రిస్టల్ పికప్‌కేమో సుమారు 10 లక్షల ఓముల ఇన్‌పుట్ కావాలి. అది తక్కువైతే ముందు పోయేది మంద్రమే.

తరువాత స్పీకర్లు. రెండింటిలో ఒకదాని తీగలు తారుమారైతే, ఒకటి గాలిని ముందుకు తోస్తుంటే రెండోది వెనక్కు లాగుతుంది. సెట్టు ఆపి, ఒక్క స్పీకరు తీగలు మాత్రం మార్చి చూడండి. ఖర్చేమీ లేదు. పెళ్లిపందిట్లో కట్టే మైకు హారను నుంచి మాత్రం మంద్రం ఆశించకండి. అది మాట దూరం పోవడానికి చేసినది.

ఇవి సరిగా ఉంటే లోపం కండెన్సర్లలో ఉండవచ్చు. వాల్వుకూ వాల్వుకూ నడుమ, 4,70,000 ఓముల రెసిస్టరుతో 0.01 మైక్రోఫారడ్ కండెన్సరు ఉంటే సుమారు 34 కంపనాల వరకు స్వరం దిగుతుంది. ఎవరో రిపేరులో 0.001 వేస్తే 340 దగ్గరే తగ్గడం మొదలై తొప్పి మోత పోతుంది. వాల్వు కాథోడు దగ్గరి ఎలక్ట్రోలిటిక్ కండెన్సరు ఎండిపోయినా మంద్రం తగ్గుతుంది.

ఒక్క హెచ్చరిక. సెట్టు లోపల 250 వోల్టులు, అంతకు మించి కూడా ఉంటాయి. ప్లగ్గు పీకిన తరువాత కూడా కండెన్సర్లలో ఆ కరెంటు నిలిచి ఉండి ప్రాణం తీయగలదు. పెట్టె మీరు విప్పకండి, పిల్లలను దగ్గరకు రానివ్వకండి. వాల్వు సెట్లు తెలిసిన మెకానిక్కుకు చూపించి, పై విషయాలు చెప్పి, ఏ కండెన్సరు మార్చాడో విలువతో సహా చీటీ మీద రాయించుకోండి.