మనోవ్యాధికి మందు కలదు

మన గోదావరి సీమలో ఎవరికైనా మతి చలించినచో ముందు తాయెత్తు, పిదప దర్గా, వైద్యుడు చిట్టచివర. ప్రార్థన ధైర్యమిచ్చును, దానిని మేము కాదనము. కాని అది చికిత్సను మాన్పింపరాదు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడి దర్గా సమీపమున ఒక ఆశ్రయగృహము తగులబడగా, గొలుసులతో కట్టియుంచినందున కదలలేక 28 మంది రోగులు మరణించిరి. గొలుసులతో కట్టుటను 2017 నాటి చట్టము నిషేధించినది.

మనోవ్యాధి దయ్యము కాదు, పాపఫలము కాదు. 1952లో పారిస్‌లో క్లోర్‌ప్రోమజైన్‌ను మనోరోగులకు వాడినది మొదలు, భ్రమలను, లేని మాటలు వినబడుటను మందులతో అణచుట సాధ్యమైనది. ఈ మందులు మెదడులో డోపమైన్ ప్రభావమును తగ్గించును. కొందరికి మత్తు, వణకు కలుగును. అప్పుడు వైద్యునితో చెప్పి మోతాదు మార్పించుకొనవలెను. గుణము కనబడినంతనే మందు మానినచో వ్యాధి తిరుగబెట్టవచ్చును.

చికిత్స మతమునకు విరుద్ధము కాదు. 1284లో కైరోలో సుల్తాన్ ఖలావూన్ నెలకొల్పిన ఆసుపత్రిలో మనోరోగులకును చోటుండెను. మనకు కాకినాడ ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగము కలదు. 14416కు ఫోను చేసినచో టెలిమానస్ వారు ఉచితముగా, తెలుగులోనే సలహా యిత్తురు. సహాధ్యాయి యెవరైనను నిద్రమాని, మాటమాని ఒంటరియైనచో మనము నవ్వక, వైద్యుని వద్దకు తోడు పోదము.