ఆరోగ్యము – శాసనము – మన భాష

ఆరోగ్యమే మహాభాగ్యమని పెద్దలందురు. ఆ భాగ్యము కలవారింట ఒక తీరుగను, లేనివారింట మరియొక తీరుగను ఉండుట మనమెరుగుదుము. ఈ భేదము తగ్గుటకు దయ యొక్కటే చాలదు. దయ దాత యిష్టముపై నడచును. శాసనము హక్కును కల్పించును.

ఇందుకు మన సీమయే నిదర్శనము. 1939లో నాటి మద్రాసు ప్రావిన్సున ప్రజారోగ్య శాసనము వెలువడెను. భారతదేశమున ఈ తరగతి సమగ్ర శాసనములలో ఇదియే మొదటిది. తాగునీరు, మురుగు పారుదల, అంటువ్యాధుల నివారణ, ప్రసూతి శిశుసంక్షేమము ఇందలి ముఖ్యాంశములు. పురపాలక సంఘములు ప్రభుత్వ గ్రాంట్లు పోగా మిగిలిన ఆదాయమున నూటికి 30 వంతులకు తగ్గకుండ ప్రజారోగ్యమునకు కేటాయింపవలెనని ఇది విధించెను. ఇట్లు ఒక ఇంటి రోగము ఊరందరి బాధ్యత అయినది.

తిరుత్తణి 1953లో ఆంధ్ర రాష్ట్రమున చేరి, 1960 ఏప్రిల్ 1న మరల మద్రాసు రాష్ట్రమునకు వచ్చెను. సరిహద్దు మారినను మంచినీటి అవసరము మారలేదు గదా!

శాసనమునకు తోడు ప్రభుత్వ విధానమును ఉండవలెను. 1994లో తమిళనాడు వైద్యసేవల సంస్థ ఏర్పడినది. ఇది మందులను మొత్తముగా కొని, నాణ్యము పరీక్షింపించి, ప్రభుత్వ వైద్యశాలలకు పంపును. అచ్చట రోగులకు మందులు ఉచితము. 2021లో రక్తపోటు, మధుమేహము గలవారికి ఇంటివద్దనే మందులిచ్చు పథకమును మొదలైనది.

అయినను ఒక చిక్కు కలదు. మందు ఉచితమే, కాని దానిని ఎప్పుడు మ్రింగవలెనో చీటిలో చదువుకొనలేని అవ్వకు ఆ హక్కు సగమే దక్కినట్లు. కుళాయి ఎండినదని ఎవరికి, ఏ భాషలో వ్రాయవలెనో తెలియని తండ్రికిని అంతే.

ఇచ్చట రాజ్యాంగము మనకు అండ. తన కష్టమును తీర్చుమని ప్రతి వ్యక్తియు రాష్ట్రమున వాడుకలోనున్న ఏ భాషలోనైనను అధికారులకు అర్జీ పెట్టుకొనవచ్చునని 350వ అధికరణము చెప్పుచున్నది. కావున తెలుగు అర్జీ చెల్లును. ప్రత్యుత్తరము తెలుగులోనే రావలెనని మాత్రము అందు లేదు.

తల్లిదండ్రులారా! అర్జీలో ఊరు, వీధి, కొరత, అది ఎన్నాళ్లుగా ఉన్నది, ఎన్ని ఇండ్లవారు బాధపడుచున్నారు అను విషయములు స్పష్టముగా వ్రాయుడు. తేదీ వేసి, చేవ్రాలు చేసి, ఒక నకలు దాచుకొనుడు.

విద్యార్థులారా! మీకు తెలుగును వచ్చును, తమిళమును వచ్చును. మీ అవ్వ మందుచీటిని చదివి, తెలుగున వివరింపుడు. మీ తండ్రికి వచ్చిన ప్రత్యుత్తరమును విప్పి చెప్పుడు. శాసనము వాకిటి దాక వచ్చినది. దానిని ఇంటిలోనికి తోడ్కొని రావలసినవారు మీరే.