అమ్మమ్మ దిండు కింద బిళ్ళలు

సంక్రాంతికో వేసవి సెలవులకో అమ్మమ్మగారింటికి వెళ్లిన పిల్లలకు ఆ ఇల్లంతా కొత్త లోకం. సొంతింట్లో ఏ గూట్లో ఏముందో ఎప్పుడో చూసేశారు. ఇక్కడ ప్రతి డబ్బా మూత తీయాల్సిందే, ప్రతి సంచీ వెతకాల్సిందే. తాతయ్యకు బీపీ, అమ్మమ్మకు షుగరూ మోకాళ్ల నొప్పులూ. మాత్రలు దిండు కింద, టీవీ పక్కన, ఫ్రిజ్ మీద, కంచం పక్కన ఉంటాయి. వేసుకోవడం మరిచిపోకూడదని ఎదురుగా పెట్టుకుంటారు. రెండేళ్ల మనవడికి అవి అందుతాయన్న ఆలోచన చాలామందికి రాదు. వచ్చినా, కింది మాటల్లో ఏదో ఒకటి అనుకుని ఊరుకుంటారు.

అపోహ: పొరపాటున ఒక్క మాత్ర మింగితే ఏమవుతుంది?

అన్నిటికన్నా ప్రమాదకరమైన మాట ఇదే. షుగరుకు వాడే గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ లాంటి మందులు క్లోమం చేత ఇన్సులిన్‌ను ఎక్కువగా వదిలిస్తాయి. షుగరు జబ్బు లేని చిన్నపిల్లల్లో ఒక్క మాత్రే రక్తంలోని చక్కెరను ఫిట్స్ వచ్చేంతగా పడేయగలదు. ఆ పడిపోవడం వెంటనే జరగకపోవచ్చు. సాయంత్రం మింగిన పాప బాగానే ఆడుకుని, అన్నం తిని, రాత్రి నిద్రలో ఉండగా స్పృహ తప్పవచ్చు. నిద్రపోతోందని మనం దుప్పటి కప్పుతాం. అందుకే ఇలాంటి పిల్లలను ఆస్పత్రిలో దాదాపు ఒక రోజంతా ఉంచి, గంటగంటకూ అన్నట్టు చక్కెర పరీక్ష చేస్తుంటారు.

బీపీ మందుల్లో ఆమ్లోడిపిన్ లాంటివి పిల్లల రక్తపోటును ప్రమాదకరంగా తగ్గిస్తాయి. కీళ్లవాతానికి ఇచ్చే హైడ్రాక్సీక్లోరోక్విన్ గుండె లయను దెబ్బతీస్తుంది. నొప్పులకు వాడే ట్రమడాల్ ఊపిరిని మందగింపజేస్తుంది. విరేచనాలు ఆగడానికి కొందరు దగ్గర ఉంచుకునే డైఫినాక్సిలేట్ కూడా అంతే. ఇవన్నీ ఒకటి రెండు మాత్రలకే పసివాళ్లకు ప్రాణాపాయం తెచ్చే కోవలోవి.

షుగరు మాత్రలన్నీ ఒకటి కావన్నదీ నిజమే. ఉత్త మెట్‌ఫార్మిన్ ఒక్కటి మింగితే ఇంత ముప్పు సాధారణంగా ఉండదు. కానీ మన ఇళ్లలో గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిపిన మాత్రలే ఎక్కువ కనిపిస్తాయి. కాబట్టి ఏది ప్రమాదం, ఏది కాదు అన్న తీర్పు ఇంట్లో చెప్పుకోవద్దు.

అపోహ: మాత్ర చేదుగా ఉంటుంది, పిల్లలే ఉమ్మేస్తారు.

చాలా మాత్రలకు పైన రంగు పూత ఉంటుంది, కొన్నిటికి తీపి పూత. నాలుకకు చేదు తగిలేలోపే గొంతు దిగిపోతాయి. పైగా మన భాషలో పిప్పరమెంటూ బిళ్ళే, జ్వరం మందూ బిళ్ళే, కర్పూరమూ బిళ్ళే. మారాం చేసే పిల్లలకు మందు వేయడానికి “చాక్లెట్ బిళ్ళ, నోరు తెరువు” అని మనమే నేర్పుతాం. తర్వాత తాతయ్య పక్కన అలాంటిదే కనిపిస్తే వాళ్లు నమ్మేది మన మాటనే. మందును మందు అనే చెప్పి వేయాలి.

రెండో కాన్పుకు పుట్టింటికి వచ్చిన తల్లి విషయంలో మరింత జాగ్రత్త కావాలి. వెంట రెండేళ్ల పెద్దబిడ్డ, సంచీలో ఎర్రటి ఐరన్ మాత్రలు. గర్భిణులకు ప్రభుత్వం ఇచ్చే ఐరన్ మాత్ర ఒక్కోదానిలో 60 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. పది కిలోల బిడ్డ పది మాత్రలు మింగితే కిలో బరువుకు 60 మిల్లీగ్రాములు చేరినట్టే. అది ప్రాణం తీసేంత మోతాదు. అందులో మూడో వంతు చాలు, వాంతులూ కడుపునొప్పీ మొదలవడానికి. ఇనుము విషంలో ఇంకో మోసం ఉంది. మొదట వాంతులు, విరేచనాలు అయ్యాక కొన్ని గంటలు బిడ్డ తేరుకున్నట్టు కనిపిస్తుంది. ఆ తేరుకోవడాన్ని నమ్మి ఇంటికి తెచ్చేసుకుంటే, తర్వాత కాలేయం దెబ్బతినవచ్చు.

అపోహ: స్ట్రిప్‌లో ఉన్నాయి, పైగా ఎత్తున పెట్టాం.

స్ట్రిప్ వెనుక రేకును పెద్దలు బొటనవేలితో నొక్కి తీస్తారు, పిల్లలు పళ్లతో కొరికి తీస్తారు. ఎత్తు సంగతికొస్తే, మంచం పక్కకు కుర్చీ జరుపుకుని ఎక్కడం రెండేళ్ల పిల్లలకు వచ్చు. అమెరికాలో 1970లో చట్టం చేసి పిల్లలు తెరవలేని మూతలు తెచ్చారు. అలాంటి మూతకు పెట్టే పరీక్షలో నెగ్గాలంటే అయిదేళ్లలోపు పిల్లల్లో కనీసం 80 శాతం మంది పది నిమిషాలలో తెరవలేకపోతే చాలు. అంటే అయిదుగురిలో ఒకరు తెరిచినా ఆ మూత పాసైనట్టే.

అమెరికా మాట ఎందుకంటే, అక్కడి కూతురి దగ్గరికో కొడుకు దగ్గరికో వెళ్లే మన అమ్మానాన్నలు ఆరు నెలల మందులు పెట్టెలో సర్దుకెళ్తారు. సగం స్ట్రిప్పులు, సగం జిప్ కవర్లలో పోసుకున్న విడి మాత్రలు. ఆ ఇంట్లో వంటింటి అరలకు తాళాలు ఉండవచ్చు. పెద్దవాళ్ల గదిలో మంచం మీద తెరిచి ఉన్న పెట్టెకూ, కుర్చీకి తగిలించిన చేతిసంచీకీ ఏ తాళమూ ఉండదు. అక్కడ విషప్రమాదాల సహాయ నంబరు 1-800-222-1222.

అపోహ: నూనెలు, బామ్‌లు, కర్పూరం మందుల్లోకి రావు.

కర్పూరం మింగిన పిల్లలకు నిమిషాల్లో ఫిట్స్ రావచ్చు. ఒక్క గ్రాముతో పసిబిడ్డలు చనిపోయిన సందర్భాలను వైద్యులు నమోదు చేశారు. ప్రసాదంలో వేసే చిటికెడు పచ్చకర్పూరాన్ని చూసి, హారతి కర్పూరం బిళ్ళ కూడా ఏమీ చేయదనుకోవద్దు. కీళ్ల నొప్పులకు రాసుకునే తైలాల్లో ఘాటైన వాసన చాలావరకు మిథైల్ సాలిసిలేట్‌ది. స్వచ్ఛమైన మిథైల్ సాలిసిలేట్ నూనె ఒక టీస్పూన్‌లో సుమారు 7 గ్రాముల ఆస్ప్రిన్‌కు సమానమైన మందు ఉంటుంది. నీలగిరి తైలమూ, వేపనూనే అంతే, పసివాళ్ల కడుపులోకి వెళ్తే ఫిట్స్ తెప్పించగలవు.

అపోహ: మింగితే వెంటనే ఉప్పునీళ్లు తాగించి కక్కించాలి.

వద్దు. ఉప్పునీళ్లు, చింతపండు రసం, గొంతులో వేలు, ఏదీ వద్దు. కక్కు ఊపిరితిత్తుల్లోకి పోతే అది మరో ప్రమాదం. ఎక్కువ ఉప్పే పిల్లలకు విషం. నోట్లో మిగిలిన మాత్రను తీసేసి, తడిగుడ్డతో తుడిచి, ఆ స్ట్రిప్పో సీసానో చేత పట్టుకుని ఆస్పత్రికి బయలుదేరాలి. ఎన్ని తగ్గాయి, ఎన్నింటికి జరిగింది, బిడ్డ బరువెంత, ఈ మూడూ డాక్టరుకు చెప్పాలి. మత్తుగా ఉంటే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పోయకూడదు.

అపోహ: ఆడుకుంటూనే ఉన్నాడు, ఏం కాలేదు.

పారాసిటమాల్ ఎక్కువగా మింగిన పిల్లలు మొదటి రోజంతా మామూలుగానే ఉండవచ్చు. కాలేయం దెబ్బతిన్నట్టు తెలిసేది రెండో రోజో మూడో రోజో. దానికి విరుగుడు మందు ఉంది, ఎనిమిది గంటలలోపు మొదలుపెడితే బాగా పనిచేస్తుంది. ఆ ఎనిమిది గంటలను “చూద్దాంలే” అంటూ పోగొట్టుకోకూడదు.

అపోహ: అత్తగారింట్లో మందులు ఎక్కడ పెట్టారని అడిగితే బాగోదు.

పైన చెప్పినవన్నీ తెలిసిన తల్లులు కూడా ఆగిపోయేది ఈ మొహమాటం దగ్గరే. మర్యాద తప్పకుండా అడగొచ్చు. బయలుదేరే ముందు ఫోన్ చేసి, “అత్తయ్యా, చిన్నవాడు చేతికందిందల్లా నోట్లో పెట్టేసుకుంటున్నాడు, మీ మాత్రల డబ్బా బీరువాలో పెట్టి తాళం వేస్తారా?” అంటే ఏ నానమ్మకూ కోపం రాదు. పండక్కి బట్టలతో పాటు తాళం ఉన్న చిన్న పెట్టె ఒకటి పట్టుకెళ్లండి. ఎదురుగా లేకపోతే మాత్ర మరిచిపోతామని వాళ్లకు దిగులుంటే, ఫోన్‌లో అలారం పెట్టి ఇవ్వండి. మీ సంచీలోని మందులు కూడా అదే పెట్టెలో పెట్టండి. చుట్టాలు వస్తూ పోతూ ఉండే పండగ ఇంట్లో, పిల్లవాడిని ఎవరో ఒకరు చూస్తున్నారులే అని అందరూ అనుకుంటారు. ఏ గంటకు ఎవరు చూడాలో పేరు పెట్టి అప్పగించండి.

ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ విష సమాచార కేంద్రం 1800 116 117 నంబరులో 24 గంటలూ సలహా ఇస్తుంది. అంబులెన్సుకు 108. ఈ రెండు నంబర్లూ మీ ఫోన్‌లోనే కాదు, అమ్మమ్మ ఫోన్‌లో, తాతయ్య ఫోన్‌లో కూడా ఇవాళే ఎక్కించండి.