ఖీమాలోని గుఱ్ఱము

2013 జనవరి 15వ తేదీన ఐర్లండు దేశపు ఆహారభద్రతా సంస్థ, అంగళ్ళలో గొడ్డుమాంసమను పేర అమ్ముడుపోవుచున్న 27 రకముల బర్గరులను పరీక్షింపజేసి, వానిలో 10 రకములయందు గుఱ్ఱపు జాడయు, 23 రకములయందు పంది జాడయు కలవని ప్రకటించెను. తోకను చూచి మేకయో గొఱ్ఱెయో చెప్పగల నేర్పరులు మనలో నున్నారు గాని, మాంసము ఖీమాయై, మసాలా పట్టి, ఉండకట్టి, మంచుగడ్డగా మాఱిన పిమ్మట కన్ను, ముక్కు, నాలుక మూడును ఓటమి నొప్పుకొనవలసినదే.

1901లో జర్మను వైద్యుడు పౌల్ ఊలెన్‌హుత్, కుందేటి రక్తరసము సాయమున ఏ రక్తము ఏ జంతువుదో తేల్చు పద్ధతిని వెల్లడింపగా, అది మాంసపరీక్షకును ఉపకరించెను. కాని ఆ పద్ధతి గుర్తించు ప్రోటీనుల స్వరూపము వేడికి చెడును గనుక, ఉడికిన మాంసము నెదుట దాని పప్పు లుడుకలేదు. డీఎన్ఏ అట్లు కాదు. అదియు వేడికి తునుకలగునే కాని, ఆ తునుకలయందే జాతిముద్ర నిలిచియుండును. ఒక్కటే చిక్కు: దొరకునది అత్యల్పము.

ఆ అల్పమును అనల్పము చేయు ఉపాయము, సీటస్ అను కంపెనీలో పనిచేయు రసాయనవేత్త కేరీ మలిస్‌కు, 1983లో ఒక రాత్రి కాలిఫోర్నియా కొండదారిని కారు నడుపుచుండగా తోచినది. సుమారు 95 డిగ్రీల వేడికి డీఎన్ఏ పేటలు రెండును విడివడును. 55 డిగ్రీల ప్రాంతమునకు చల్లార్చినచో, వెదకుచున్న జాతికి సరిపడునట్లు కూర్చిన ప్రైమరులను చిన్న తునుకలు వానిని అంటుకొనును. 72 డిగ్రీల యొద్ద ఎంజైము కొఱతపడిన పేటను పూరించును. ఒకటి రెండగును, రెండు నాలుగగును. ముప్పది ఆవృత్తులు ముగియునప్పటికి లెక్క ప్రకారము ఒక్క తునుక 107 కోట్లు కావలెను!

తొలినాళ్ళలో ఎంజైము ప్రతి మఱుగునకును చచ్చుచుండుటచే, ఆవృత్తి కొకమాఱు దానిని పోయుచు కూర్చుండుట మనుష్యుని వంతయ్యెను. అతనిని ఆ చాకిరి నుండి విడిపించినది ఒక సూక్ష్మజీవి. 1960వ దశకమున అమెరికాలోని ఎల్లోస్టోన్ ఉష్ణకుండములయందు థామస్ బ్రాక్ కనుగొనిన థెర్మస్ ఆక్వాటికస్ 70 డిగ్రీల నీట సుఖముగా బ్రదుకును. దాని ఎంజైము మఱుగునీటి వంటి వేడికిని సులభముగా లొంగదు. అది లభించినంతనే యంత్రమునకు మిగిలిన పని, గుంతలు తొలిచిన లోహపు దిమ్మను వేడిచేయుటయు చల్లార్చుటయు మాత్రమే. థర్మల్ సైక్లరనగా ఇంతియే; నా దృష్టిలో ఇంత నిరాడంబరమైన మహాయంత్రము మఱొకటి లేదు. మలిస్‌కు 1993లో నోబెల్ బహుమానము లభించెను. 2003లో మన హైదరాబాదు సీసీఎంబీ శాస్త్రజ్ఞులు సునీల్ కుమార్ వర్మ, లాల్జీ సింగులు, అనేక జంతుజాతులకు ఒక్కటే జోడు సరిపోవు సార్వత్రిక ప్రైమరులను ప్రకటించిరి.

అయితే ఈ యంత్రము పాలను నీటిని వేఱుచేయు హంస కాదు. బొట్టును సముద్రముగా చేయునది. పందిని కోసిన కత్తి కడుగకుండ ఆవును కోసినను అది పందియున్నదని సాక్ష్యము చెప్పును. కావుననే వృద్ధి ఎన్నవ ఆవృత్తికి కంటబడెనో గమనించి, తొందరగా కనబడినచో మూలము ఎక్కువని, ఆలస్యమైనచో తక్కువని లెక్కగట్టవలసివచ్చును. అట్లు చూడగా ఐర్లండు బర్గరులలో తొమ్మిదింట గుఱ్ఱపు అంశము లేశమాత్రము. పదవదానియందు మాత్రము గొడ్డుమాంసముతో పోల్చి నూటికి 29 వంతులు. పంది జాడకు సమాధానము దొరకెను: ఆ కర్మాగారములలోనే పందిమాంసమును కూడ తయారుచేయుచుండిరి. గుఱ్ఱమును మాత్రము అక్కడ ఎవరును వాడరనియే ఆహారభద్రతా సంస్థ నాడు చెప్పెను.